మూడు పట్టణములు - మూడు పొత్తులు

ఉమ్మడి గొఱ్ఱె పుచ్చి చచ్చినదని మనవారి సామెత. పదిమంది చేయి పడిన పని ఎవ్వరిదియు కాక చెడునని దాని భావము. కాని ఏటికి 550 మిల్లీమీటర్ల వాన కురియుటయే గగనమైన అనంతపురసీమలో ఒంటిచేత సాగిన కార్యము మిక్కిలి అరుదు. చెరువు త్రవ్వుటకైనను, మగ్గము నడుపుటకైనను, కర్మాగారము నెలకొల్పుటకైనను ఇచట పొత్తు తప్పలేదు. పొత్తు ఎప్పుడు నిలుచును, ఎప్పుడు పుచ్చును అను విషయమును ధర్మవరము, హిందూపురము, పెనుకొండ పట్టణముల చరిత్రనుండి తెలిసికొనవలెనని మా ప్రయత్నము. 2022 ఏప్రిల్ 4వ తేదీన శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడువరకు ఈ మూడును అనంతపురము జిల్లాలోనివే.

ఈ సీమలో పొత్తునకు పాతపేరు దశబంధము. చెరువు కట్టించినవానికి, గండి పూడ్చినవానికి ఆ చెరువుక్రింది భూమిలోగాని ఫలములోగాని ఒక భాగమును ఇనాముగా విడిచెడివారు. ప్రభువు హక్కు నిచ్చెను; ధనికుడు సొమ్ము పెట్టెను; రైతు నీరు పారించుకొనెను. మరమ్మతు మానినవాడు ఇనామునకు అర్హుడు కాడు. ఎవరు ఏమి ఇయ్యవలెనో, ఎవరికి ఏమి రావలెనో శిలమీద చెక్కించుటచే తగవు వచ్చినను తీర్పునకు ఆధార ముండెను. 1388వ సంవత్సరపు శాసనమొకటి, ప్రతాపబుక్కరాయల యాజ్ఞచే సింగయభట్టను జలసూత్రజ్ఞుడు పెన్నానీటిని సిరువేరు చెరువునకు మళ్లించి పెనుకొండకు కాలువ తెచ్చిన సంగతిని తెలుపుచున్నది. నీరు వచ్చినపిదపనే పట్టణము పెరుగునని ఆనాటివారు బాగుగా నెఱిగిరి.

ఇక ధర్మవరపు మగ్గమును చూతము. చీర ఒక్క చేతిలో పుట్టదు. పట్టునూలు హిందూపురము నుండియు, కన్నడసీమ నుండియు వచ్చును. జరీ సూరతునుండి వచ్చును. పడుగును పేకను సమకూర్చి ఇచ్చువాడు షావుకారు. నేసి కూలి పుచ్చుకొనువాడు నేతగాడు. ఈ పొత్తులో లాభము షావుకారునకు, అప్పు నేతగానికి మిగులుట సాధారణము. దీనికి మందుగా వచ్చినదే సహకారసంఘము. 1904, 1912 సంవత్సరముల చట్టములు సంఘములకు దారి తీసెను. 1935లో మదరాసు రాష్ట్రస్థాయిని చేనేత సహకారసంఘ మేర్పడెను. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్రము వేరుపడువరకు అనంతపురము ఆ మదరాసులోనిదే. మిల్లు వస్త్రముమీద అదనపు సుంకము విధించి, ఆ సొమ్మును ఖాదీకి, చేనేతకు వినియోగించు చట్టమును 1953లో పార్లమెంటు చేసెను. 1976లో ఆప్కో నెలకొనెను.

అయినను సంఘము పేరు పెట్టినంతమాత్రమున నేతగానికి విముక్తి కలుగలేదు. నూలు అప్పుగా ఇచ్చి చీర కొనుటలో ఆలస్యమైనచో, సభ్యుడు రహస్యముగా మరల షావుకారు గడపయే త్రొక్కును. సంఘములో ఓటు కలదు గాని చేతిలో పెట్టుబడి లేదు. మరమగ్గము వచ్చి చేనేత యంచులను అనుకరించుటతో ఈ చిక్కు ముదిరెను. కొన్ని రకముల వస్త్రములను చేనేతకే ప్రత్యేకించుచు 1985లో చట్టము వచ్చెను. ధర్మవరపు చేనేత పట్టుచీరలకు, పావడలకు భౌగోళికసూచిక గుర్తింపును లభించెను. కాని పేరునకు రక్షణ కలిగినంతనే పేటలోని మగ్గమునకు రక్షణ కలుగదు. నకిలీని పట్టుకొను అధికారి, కొనువారికి తేడా తెలుపు వర్తకుడు, ముద్ర వేయు సంఘము, ఈ మువ్వురును కలిసినగాని చట్టము మగ్గమువరకు చేరదు.

హిందూపురమున పొత్తు మరియొక రూపము దాల్చెను. గుంతకల్లునుండి మైసూరు సరిహద్దువైపు సాగిన రైలుమార్గము 1893లో తెరువబడినది. బెల్లము, చింతపండు మొదలగు సరకులకు ఈ పట్టణము పెద్దబజారైనది. ఇచటి పట్టుగూళ్ల మార్కెట్టును మాత్రము మేము ప్రత్యేకముగా తలచుచున్నాము. గూడు కట్టిన కొలదిదినములకే చిలుక దానిని చీల్చుకొని వచ్చును; అప్పుడది నూలునకు పనికిరాదు. కావున రైతు ధరకొఱకు కాచుకొనలేడు, కొనువాడు కాచుకొనగలడు. ఈ అసమానతను సరిచేయుటకే ప్రభుత్వపు కప్పుక్రింద, అందరి యెదుట, వేలము పాడి, అధికారి సమక్షమున తూకము వేయు పద్ధతి వచ్చినది. త్రాసు ఎవరిచేతిలో నున్నదో న్యాయమును అచ్చటనే యున్నదని రైతు నమ్మును.

ఈ మార్కెట్టు వెనుక మరి కొన్ని సంస్థలు నిలిచియున్నవి. 1948 నాటి చట్టముచే కేంద్ర పట్టుమండలి ఏర్పడెను. హిందూపురమునకు చేరువనున్న కిరికెరలో రాష్ట్ర పట్టుపరిశ్రమ పరిశోధనసంస్థ వెలసెను. జపాను సహకారముతో 1991లో మైసూరు కేంద్రముగా ఆరంభమైన ద్వివార్షిక పట్టుపురుగుల పథకము, క్రమముగా ఆంధ్రప్రదేశ్ రైతులకును వ్యాపించి 2007 వరకు సాగెను. తెల్లని, సమమైన దారమిచ్చు ఆ పురుగులకు శుభ్రమైన గదియు, సరియైన తేమయు అవసరము. ప్రయోగశాలలోని విద్య రైతు పెంపకపుశాలకు చేరుటకు ఊరూర తిరిగిన సిబ్బందియే వంతెనయైనారు.

పెనుకొండది మూడవ రీతి. 1565లో తళ్లికోట యుద్ధము ముగిసినపిదప విజయనగర ప్రభువులకు ఆశ్రయమిచ్చిన ఈ కొండక్రింద, యర్రమంచి పొలములలో, కొరియాదేశపు కియా సంస్థ కార్ల కర్మాగారమును నిర్మించెను. 2017 ఏప్రిలులో రాష్ట్రప్రభుత్వముతో ఒప్పందము జరిగెను. 2019 ఆగస్టు 8న తొలి కారు బయటికి వచ్చెను. డిసెంబరు 5న ప్రారంభోత్సవము జరిగెను. పెట్టుబడి 110 కోట్ల డాలర్లు; ఏటికి 3 లక్షల వాహనముల సామర్థ్యము. ప్రభుత్వము భూమిని చూపెను. హంద్రీ-నీవా కాలువ కృష్ణాజలమును సమీపముననున్న గొల్లపల్లి జలాశయమునకు చేర్చెను. 1388లోవలెనే నీరు ముందు, పని తరువాత.

ఐనను ఒక భేదమును గమనింపవలెను. ఒప్పందము వ్రాసిననాడు పెనుకొండ గ్రామపంచాయతియే. నగరపంచాయతికి తొలి ఎన్నిక జరిగినది 2021 నవంబరులో. పొత్తు షరతులు నిర్ణయమైన చోట పట్టణమునకు పీట లేకుండెను. స్థానికులకు ఎట్టి నైపుణ్యము నేర్పవలెను, అద్దెలు పెరిగిన పేటలో బీదవారెక్కడ నుండవలెను, మురుగునీరు ఎటు పోవలెను అను ప్రశ్నలు కర్మాగారము వచ్చినపిదప పట్టణమువంతైనవి. పట్టణస్థానిక సంస్థలకు ఆర్థికాభివృద్ధి ప్రణాళికలో పాత్ర యుండవలెనని 1992 నాటి 74వ రాజ్యాంగసవరణ పలుకుచున్నది. ఆ మాటను కాగితమునుండి సభామందిరమునకు తెచ్చుట ఇంకను మిగిలియున్న పని.

పెనుకొండ, ధర్మవరములకు నడుమనున్న చెన్నేకొత్తపల్లిలో చిన్న ఉదాహరణ మొకటి కలదు. 1990లో అచట పని ఆరంభించిన టింబక్టు కలెక్టివ్ ప్రోత్సాహముతో మహిళలు పొదుపుసంఘములుగా కూడిరి. 2008లో రైతుల ధరణి సహకారసంఘము వెలసి సేంద్రియపు చిరుధాన్యములను, వేరుసెనగను కొని, శుద్ధిచేసి అమ్మసాగెను. ప్రభుత్వవాటా లేకుండ సభ్యులే నడుపుకొను సంఘములకు 1995 నాటి పరస్పరసహాయ సహకారచట్టము తావిచ్చినది. ఇచట వచ్చిన సంస్థ తోడుగా నిలిచెను. లెక్కపుస్తకము సభ్యులచేతికి వచ్చెను.

మన పరిశీలనమునుండి తేలిన సారము సులభమే. పొత్తులో బలవంతుడుండుట దోషము కాదు. బలహీనునకు శిలాశాసనమో, త్రాసో, ఓటో, లెక్కపుస్తకమో లేకపోవుటయే దోషము. ఉమ్మడి గొఱ్ఱె చచ్చునది అందఱు కాచుటచేత కాదు, ఎవరిపూట ఎవరు కాయవలెనో ముందుగా వ్రాసికొనకపోవుటచేత.