స్పీడ్ చాటున దాగిన దెబ్బ

1996 ఫిబ్రవరి 27న జపాన్‌లో ‘పోకెమాన్ రెడ్’, ‘పోకెమాన్ గ్రీన్’ గేమ్‌బాయ్ మీదికి వచ్చాయి. చిన్నతనంలో పురుగుల్ని పట్టి దాచుకున్న సతోషి తజిరి ఊహ అది. మొత్తం 151 వింత జీవులు. ఒక్కోదానికి ఐదేసి అంకెలు: ప్రాణం, అటాక్, డిఫెన్స్, స్పెషల్, స్పీడ్. ఆడే పిల్లలకు స్పీడ్ సంగతి ఒక్క ముక్కలో అర్థమైపోయేది. ఎవరికి ఎక్కువుంటే వాళ్లు ముందు కొడతారు. ఆ అంకెకు ఇంకో పని కూడా ఉందని తెర మీద ఎక్కడా కనిపించదు.

ఆ పని పేరు క్రిటికల్ హిట్. అది పడితే మామూలు దెబ్బకు దాదాపు రెట్టింపు నష్టం. ఎప్పుడు పడుతుందన్నది అదృష్టమేనని చాలామంది అనుకున్నారు గానీ, ఆ అదృష్టానికీ ఒక లెక్కుంది. ఆ జాతికి పుట్టుకతో ఉన్న స్పీడ్‌ను 512తో భాగిస్తే వచ్చేదే క్రిటికల్ పడే అవకాశం. గుండ్రటి బంతిలా ఉండే ఎలక్ట్రోడ్ స్పీడ్ 140, కాబట్టి నూరు దెబ్బల్లో 27 దాకా క్రిటికల్. నీటి ఒడ్డున తోక వేలాడేసి కూర్చునే స్లోపోక్ స్పీడ్ 15. దానికి నూటికి మూడు కూడా దక్కవు. పైగా ఈ లెక్కలోకి వచ్చేది జాతి స్పీడే తప్ప అప్పటికప్పుడు ఉన్న స్పీడ్ కాదు. అజిలిటీతో పరుగు పెంచుకున్నా లాభం లేదు, పెరాలసిస్ తగిలి చచ్చుబడినా నష్టం లేదు.

స్లాష్ లాంటి కొన్ని దెబ్బల దగ్గరికి వచ్చేసరికి లెక్క కట్టు తప్పింది. వాటికి క్రిటికల్ అవకాశం ఎనిమిది రెట్లు. అంటే 512 బదులు 64తో భాగించడమన్నమాట. పిల్లి జాతి పర్షియన్ స్పీడ్ 115. భాగహారం చేస్తే ఒకటి దాటిపోతుంది! గేమ్ దాన్ని 256లో 255 దగ్గర ఆపుతుంది. అంటే పర్షియన్ గోరు విసిరిన ప్రతిసారీ క్రిటికల్ అనే అనుకోవచ్చు. దాని అటాక్ అంకె చూస్తే 70, చెప్పుకోదగ్గదేం కాదు. దెబ్బలో సగం బలం స్పీడ్ ఇచ్చిందే. 65 స్పీడ్ ఉన్న శాండ్‌స్లాష్ కూడా అంచు మీద నడిచి ఇదే వరం కొట్టేసింది.

ఫోకస్ ఎనర్జీ కథ మరీ తమాషా. క్రిటికల్ అవకాశాన్ని నాలుగు రెట్లు పెంచాల్సిన విద్య అది. ప్రోగ్రాంలో దొర్లిన తప్పు వల్ల నాలుగో వంతుకు తగ్గించేది. వినాయకుణ్ణి చేయబోతే కోతి అయింది. ఏకాగ్రత పెంచుకున్నాననుకున్న ఆటగాడు తన పోకెమాన్ కత్తికి తానే తుప్పు పట్టించాడు.

1999 నవంబరు 21న వచ్చిన ‘గోల్డ్’, ‘సిల్వర్’ ఈ రహస్య బంధాన్ని తెంచేశాయి. ఆ గేమ్‌లలో మామూలు దెబ్బకు క్రిటికల్ అవకాశం అందరికీ 256లో 17. ఎలక్ట్రోడ్, స్లోపోక్ ఒకే పంక్తిలో కూర్చున్నాయి. న్యాయమైన మార్పే, కానీ పర్షియన్ మీద మోజుపడ్డవాళ్లకు రుచించి ఉండదు.

తరవాత స్పీడ్ మళ్లీ బలంలోకి వచ్చింది. ఈసారి దొంగదారిన కాదు, చెప్పి మరీ. 2006లో ‘డైమండ్’, ‘పెర్ల్’ తెచ్చిన గైరో బాల్ మొత్తం వరసనే తిరగేసింది. ఎదుటివాడి స్పీడ్‌ను కొట్టేవాడి స్పీడ్‌తో భాగించి 25తో గుణిస్తే దాని బలం, గరిష్ఠంగా 150. ఎదుటివాడు తనకంటే ఆరు రెట్లు వేగంగా ఉంటే చాలు, పూర్తి దెబ్బ పడుతుంది. అదే గేమ్‌లో ఐదు టర్న్‌ల పాటు నెమ్మదివాళ్లను ముందు నడిపించే ట్రిక్ రూమ్ కూడా పుట్టింది. నిదానమే ప్రధానం అన్న సామెతకు అంకెలు కట్టినట్టయింది. చేతికి ఇనుపగుండు తగిలించి స్పీడ్‌ను కావాలనే సగం చేసుకునే ఆటగాళ్లు తయారయ్యారు. 2010లో ‘బ్లాక్’, ‘వైట్’ ఎలక్ట్రో బాల్‌తో రెండో పక్షానికీ ఆయుధమిచ్చాయి. ఇందులో కొట్టేవాడే నాలుగు రెట్లు వేగంగా ఉంటే బలం 150, వెనకబడితే 40.

అసలు మలుపు 2016 జూలైలో. ఫోన్లలోకి వచ్చిన పోకెమాన్ గోలో టర్న్‌లు లేవు, తెర మీద వేలితో టకటకా కొట్టడమే. ముందెవరు అన్న ప్రశ్నే లేనప్పుడు స్పీడ్‌తో పనేముంది? ఆ గేమ్‌లో మిగిలినవి అటాక్, డిఫెన్స్, స్టామినా మూడే. స్పీడ్‌ను పారేయకుండా ఆ గేమ్ తయారీదారు నయాంటిక్ మిగతా అంకెల్లో కలిపేసింది. ఆ కలిపే పద్ధతినీ నవంబరులో మార్చింది. డిసెంబరులో జియోతో కలిసి భారత్‌లో అధికారికంగా అడుగుపెట్టేనాటికి ఆ కొత్త లెక్కే నడుస్తోంది.

ఆటగాళ్లు అంకెలు పోల్చి రాబట్టిన సూత్రం ఇది. పాత గేమ్‌లలోని అటాక్, స్పెషల్ అటాక్ రెండింటిలో పెద్దదానిలో ఎనిమిదింట ఏడు వంతులు, చిన్నదానిలో ఒక వంతు కలిపి రెట్టింపు చేయాలి. స్పీడ్‌కు గీటురాయి 75. అక్కడి నుంచి ఐదు పాయింట్లు పెరిగితే నూటికి ఒకటి చొప్పున బలం పెరుగుతుంది, తగ్గితే కోత పడుతుంది. డిఫెన్స్‌కూ ఇదే గుణకం. 130 స్పీడ్ ఉన్న మ్యూటూ అటాక్ 297 నుంచి 330కి ఎగబాకింది. అది మరీ ఎక్కువైందని తరవాత 300కు దించారు. 30 స్పీడ్‌తో దొర్లే స్నోర్లాక్స్ 209 నుంచి 190కి జారింది.

ఈ లెక్కలో అందరికంటే గమ్మత్తైన లాభం స్లేకింగ్‌ది. పాత గేమ్‌లలో అది పరమ బద్ధకజీవి, ఒక టర్న్ కొడితే మరుసటి టర్న్ ఖాళీగా పడి ఉంటుంది. అయినా దాని స్పీడ్ అంకె 100, అందువల్ల గోలో దాని అటాక్‌కు నూటికి ఐదు అదనం. ఇంత బలమిచ్చి, వేలితో టకటకా కొట్టడానికి దానికిచ్చిన దెబ్బ ఆవలింత. దాని నష్టం సున్నా.