కంటికి కనబడు దేవతలు: కారో జాతివారి బంధుమర్యాద

మన పెండ్లిపందిరిలో మగపెండ్లివారి మాటకు ఎదురుండదు. పిల్లనిచ్చినవారు మర్యాదలలో ఏ లోపము కలుగునోయని బెదరుచునే యుందురు. ఈ వరుసను తలక్రిందుగా నిలుపుకొన్న జాతి యొకటి ఇండొనీషియాలోని సుమత్రా దీవి ఉత్తరభాగమున కలదు. వారే కారో జాతివారు.

సినబుంగ్, సిబాయక్ అను అగ్నిపర్వతముల చెంతనున్న మెట్టసీమ వారి పుట్టినిల్లు. కారో-కారో, గింటింగ్, తరిగాన్, సెంబిరింగ్, పెరంగిన్-అంగిన్ అనునవి వారి అయిదు వంశములు. సెంబిరింగ్ వంశమున చోలియ, పాండియ, బ్రాహ్మణ అను శాఖలుండుట మనకు వింత గొలుపును. ఆ దీవి పడమటి తీరమున బారుస్ రేవు చెంత 1088 నాటి తమిళ వర్తకుల శాసనము దొరకినది. ఈ పేర్లు దక్షిణభారతమునుండి వెళ్లిన వారి జాడలని పండితులు తలచుచున్నారు.

తల్లి సోదరుని కారోలు 'మామ' యనియే పిలుతురు. అతని భార్య 'మామి'. మేనమామ కూతురిని పెండ్లాడుట వారికి మెచ్చుకోలు సంబంధము. మేనత్త కూతురిని మాత్రము చేసికొనరాదు. ఏలయన, పిల్లను తెచ్చుకొన్న యింటికే మరల పిల్లనిచ్చినచో ఎవరికెవరు మ్రొక్కవలయునో తెలియక వరుస చెడును.

పిల్లనిచ్చినవారు 'కలింబుబు'. వీరినే 'కంటికి కనబడు దేవత'లందురు. పిల్లను తెచ్చుకొన్నవారు 'అనక్ బెరు'. శుభమైనను అశుభమైనను, కలింబుబులు గౌరవస్థానమున కూర్చుందురు. వండి వడ్డించుట అనక్ బెరుల వంతు. అట్లని వీరిని చులకన చేయుటకు వీలులేదు. పెద్దల సభలో ఇంటివారి పక్షమున మాటాడువారును, అన్నదమ్ముల తగవు తీర్చువారును వీరే. పైగా ఒక యింట వడ్డించినవాడే, తన ఆడపడుచు మెట్టిన యింట దేవతవలె కూర్చుండును. కావున ఎల్లకాలము అధికుడును లేడు, ఎల్లకాలము అధముడును లేడు.

వారి పాతకాలపు ఇండ్లును ఈ ధర్మమునే చాటుచుండెను. ఇనుపమేకు లేకుండ స్తంభములపై కట్టి, నల్లని తాటిజాతి నారతో కప్పి, శిఖరమున ఎనుబోతు కొమ్ములు నిలిపిన ఆ యింట ఎనిమిది కుటుంబములు కాపురముండెడివి. లోపల గోడలు లేవు; రెండేసి కుటుంబములకు ఒక పొయ్యి. ఎవరి చోటు ఎక్కడ అనునది బంధుత్వమే నిర్ణయించెడిది.

1904లో డచ్చివారు ఈ సీమను లోబరచుకొనిరి. 1947లో స్వాతంత్ర్య సమరమున, శత్రువునకు దక్కరాదని కారోలు తమ గ్రామములను తామే తగులబెట్టుకొనగా, ఇట్టి ఇండ్లు పెక్కు భస్మమైనవి. 2010లో సినబుంగ్ శతాబ్దముల నిద్ర వీడెను. 2013 నుండి కొన్నియేండ్లు మరల మరల బ్రద్దలగుటచే ఊళ్లకు ఊళ్లే తరలిపోవలసి వచ్చెను.

నేడు కారోలలో పెక్కుమంది క్రైస్తవులు, కొందరు మహమ్మదీయులు; మేడాన్, జకార్తా నగరములలో వృత్తులు చేయుచున్నవారు అనేకులు. అయినను ఇద్దరు క్రొత్త కారోలు ఎదురుపడినపుడు మొదట విచారించుకొనునది తండ్రి వంశము, తల్లి వంశము. వరుస తేలిన పిదపనే మాట సాగును. ఇండ్లు కాలినను, ఊళ్లు విడిచినను, మతము మారినను, పిల్లనిచ్చిన యింటివారి యెదుట తల వంచుటను వారు నేటికిని చిన్నతనముగా తలపరు. మన పందిళ్లలో ఈ మాట ఒకసారి తలచుకొనదగినదని మాకు తోచుచున్నది.