‘సులా’: పని దొరకనిచోట తెగిన చెలిమి

టోనీ మోరిసన్ రెండో నవల ‘సులా’ 1973లో వచ్చింది. దాన్ని నెల్, సులా అనే ఇద్దరు నల్లజాతి ఆడపిల్లల జీవితకాల స్నేహకథగా చదువుతుంటాం. ఆ మాట నిజమే, కానీ సగం నిజం. ఈ నవలలో అధ్యాయాల పేర్లన్నీ సంవత్సరాలే. 1919తో మొదలై 1965తో ముగుస్తాయి. ఆ సంవత్సరాల్ని పక్కనబెడితే స్నేహం ఎందుకు తెగిందో అర్థం కాదని మా అభిప్రాయం.

మొదటి ప్రపంచ యుద్ధంలో సుమారు 3,80,000 మంది నల్లవాళ్లు అమెరికా సైన్యంలో పనిచేశారు. ఐరోపాకు పంపినవాళ్లలో ఎక్కువమందికి దక్కింది మోత పనీ, తవ్వకం పనీ. తిరిగొచ్చిన 1919లో చికాగో, వాషింగ్టన్ వంటి చోట్ల తెల్ల మూకలు వాళ్లమీద పడ్డాయి. మాజీ సైనికుల్ని సైతం చంపాయి. నవలలో షాడ్రాక్ ఆ యుద్ధంలోనే మతి చెదిరి ఇంటికొస్తాడు. చావు ఎప్పుడు మీద పడుతుందోనన్న భయానికి హద్దు కట్టాలని ఏటా జనవరి 3ని ‘ఆత్మహత్యల దినం’గా ప్రకటిస్తాడు. జనం మొదట బెదిరారు, తర్వాత తమ రోజుల లెక్కలో దాన్నీ కలిపేసుకున్నారు. గాయం ఆ ఒక్కడిదే అయితే అలా జరిగేదా?

1922లో సులా చేతుల్లోంచి జారి ఒక పసివాడు నదిలో మునిగిపోతాడు. పక్కనే నెల్. ఇద్దరూ నోరు విప్పరు. శవం దొరికిన తెల్ల పడవవాడికి అదొక బెడద మాత్రమే.

1927లో కొత్త రోడ్డు పని మొదలైంది. నెల్‌ను పెళ్లాడబోయే జూడ్ ఆ పని కోసం తిరిగి తిరిగి వేసారిపోయాడు. పని తెల్లవాళ్లకే. ఆ అవమానాన్ని మరిచిపోవడానికి అతనికి ఒక భార్య కావాల్సివచ్చింది. పదేళ్ల తర్వాత జూడ్, సులాల సంబంధం బయటపడి రెండు బంధాలూ తెగాయి. తప్పు సులాదేనని ఊరంతా తీర్మానించింది. పని ఇవ్వనివాళ్లను మాత్రం ఎవరూ అడగలేదు.

1941 జనవరిలో షాడ్రాక్ వెంట నడిచిన జనం, తమకు పని దక్కనివ్వని సొరంగం మీద విరుచుకుపడ్డారు. అది కూలి ఎందరో చనిపోయారు. అదే ఏడు జూన్ 25న, ఫిలిప్ రాండాల్ఫ్ నాయకత్వంలో నల్ల కార్మికులు రాజధానికి కదులుతామని హెచ్చరించాక, రక్షణ పరిశ్రమల్లో వివక్షను నిషేధిస్తూ రూజ్‌వెల్ట్ ఉత్తర్వు ఇచ్చాడు. అందులో నవలలోని సొరంగం లేదు, చరిత్రలోని పోరాటం ఉంది. రెంటినీ కలిపి చదవాలి.

1965లో నెల్‌కు రెండు సంగతులు తెలిసొస్తాయి. పిల్లవాడు మునిగిపోతుంటే తానూ చూస్తూ నిలబడింది. ఇన్నేళ్లూ తాను బెంగపడింది మొగుడి కోసం కాదు, సులా కోసం. అప్పటికి సులా చనిపోయి పాతికేళ్లు.

బ్లాక్ పాంథర్ల పేరు తీసుకుని 1972లో బొంబాయిలో దళిత్ పాంథర్స్ పుట్టింది. ఉద్యమంతోపాటు వాళ్ల నవలల్నీ మనం దగ్గర చేసుకోవాలి. కారంచేడు (1985), చుండూరు (1991) గురించి రాసేటప్పుడు మృతుల లెక్క, కేసుల తేదీలు రాస్తాం. అవి రాయాల్సిందే. కానీ ఆ రోజు తర్వాత ఎవరి చెలిమి తెగింది, ఏ ఇంట్లో ఎవరు మాట మానేశారు? అదీ మన చరిత్రే. ఆడవాళ్లను అడిగితేనే అది దొరుకుతుంది.