ఉపదేశి గంట కొట్టిన ఆదివారాలు

తెలుగు పల్లెల్లోని కతోలికులకు ప్రతి ఆదివారం పూజ దొరకడం చాలా కొత్త సంగతి. మూడు వందల ఏళ్ల చరిత్రలో ఎక్కువ కాలం, ఎక్కువ ఊళ్లకు గురువు (ఫాదర్) నెలకోసారి వస్తే అదే గొప్ప. ఏడాదికి ఒకటి రెండుసార్లే వచ్చిన రోజులూ ఉన్నాయి. మరి మిగతా ఆదివారాల్లో గంట కొట్టిందెవరు? జనాన్ని కూర్చోబెట్టి జపాలు చెప్పించిందెవరు? విచారణ (పారిష్) చరిత్ర రాయడానికి కూర్చున్నప్పుడు గుడి కట్టించిన ఫాదర్ల పేర్లు, పీఠాధిపతుల పేర్లు, శంకుస్థాపన తేదీలు వరసగా వచ్చేస్తాయి. అవి ఉండాల్సినవే. కానీ ఆ విచారణలు చెదిరిపోకుండా నిలిచింది గురువు లేని ఊళ్లలో ప్రార్థన నడిపించిన ఉపదేశుల వల్ల, పొద్దుగూకాక ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి జపమాల చెప్పించిన తల్లుల వల్ల. ఈ మాట ఆ చరిత్రల్లో రావలసినంత గట్టిగా రాలేదు.

ఆదివారం నాడు కూడుకోవడం క్రైస్తవం పుట్టిన తొలి రోజుల నుంచీ ఉన్నదే. క్రీ.శ. 155 ప్రాంతంలో రోములో ఉన్న పునీత జస్టిన్, చక్రవర్తిని ఉద్దేశించి రాసిన గ్రంథంలో ఆ కూడికను వర్ణించాడు. పట్నాల్లోనివాళ్లూ పల్లెల్లోనివాళ్లూ ఒకచోట చేరతారు. అపొస్తలుల జ్ఞాపకాలో, ప్రవక్తల రాతలో వీలున్నంతసేపు చదువుతారు. పెద్ద లేచి ప్రసంగం చెబుతాడు. అందరూ నిలబడి ప్రార్థిస్తారు. రొట్టె, ద్రాక్షరసం తెస్తారు, వాటి మీద కృతజ్ఞతా ప్రార్థన జరుగుతుంది, అందరూ పంచుకుంటారు. రాలేకపోయినవాళ్లకు పరిచారకులు ఇళ్లకు పట్టుకెళ్లి ఇస్తారు. ఉన్నవాళ్లు ఇచ్చిన కానుకలు అనాథలకు, వితంతువులకు, రోగులకు, చెరలో ఉన్నవాళ్లకు, పరాయి ఊరి నుంచి వచ్చినవాళ్లకు చేరతాయి. ఇవాళ ఏ విచారణకు వెళ్లినా కనిపించేది దాదాపు ఈ క్రమమే. పూజ, బీదలసాయం అప్పటికే విడదీయరానివిగా ఉన్నాయన్నది నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోస్తుంది. క్రీ.శ. 304లో ఉత్తర ఆఫ్రికాలోని అబితినె ఊరివాళ్లు ఆదివారం కూడుకున్నందుకే పట్టుబడి ప్రాణాలు విడిచారు. 321లో కాన్‌స్టంటైన్ చక్రవర్తి ఆదివారాన్ని సెలవు రోజు చేసేదాకా అది మామూలు పనిదినమే. తెల్లవారకముందో, పని ముగిశాకో చేరాల్సి వచ్చేది.

తర్వాతి శతాబ్దాల్లో ఐరోపా పల్లెల్లో విచారణ వ్యవస్థ స్థిరపడింది. అక్కడ జనం వారం వారం గుడికి వచ్చినా పూజలో పంచే రొట్టెను, అంటే దివ్యసత్ప్రసాదాన్ని, తీసుకునేది అరుదు. కనీసం ఏడాదికోసారి, పాస్కా కాలంలోనైనా తీసుకోవాలని 1215లో నాలుగో లాతరన్ మహాసభ నియమం పెట్టాల్సి వచ్చిందంటే పరిస్థితి అర్థమవుతుంది. ట్రెంట్ మహాసభ 1563లో పెళ్లిళ్ల గురించి చేసిన శాసనం విచారణ గురువు చేతికి పుస్తకం ఇచ్చింది: పెళ్లికి ముందు చాటింపు వేయాలి, సాక్షులు ఉండాలి, వివరాలు పుస్తకంలో ఎక్కించాలి. 1570లో ఐదో పయస్ పోపు వెలువరించిన లతీను పూజాగ్రంథం నాలుగు వందల ఏళ్లు నడిచింది.

ఆ లతీను పూజే 18వ శతాబ్దం మొదట్లో పుదుచ్చేరి నుంచి ఫ్రెంచి యేసుసభ గురువులతో తెలుగు నేలకు వచ్చింది. కర్ణాటక మిషన్ అని పేరున్న ఆ ప్రయత్నంలో వాళ్లు సన్యాసుల వేషం కట్టారు, మాంసం మానారు, తెలుగు, సంస్కృతం నేర్చారు. వాళ్లలో ఒకరైన గాస్తన్ కూర్దూ రాయలసీమలో ఏళ్ల తరబడి ఉన్నారు. సంస్కృతానికీ లతీను, గ్రీకు భాషలకూ చుట్టరికం ఉందని 1767లోనే పారిస్ పండితులకు రాశారు. ఆ శతాబ్దంలోనే మంగళగిరి ఆనందకవి క్రీస్తు చరితను ‘వేదాంత రసాయనము’ పేరుతో పద్యకావ్యంగా రాశాడు. అంటే తెలుగు క్రైస్తవానికి తెలుగు కావ్యభాష మొదటి నుంచీ పరాయిది కాదు. గుడిలో బలిపీఠం దగ్గర మాత్రం లతీనే.

1773లో పోపు యేసుసభను రద్దు చేశారు. కొత్త గురువులు రావడం ఆగిపోయింది, ఉన్నవాళ్లు ముసలివాళ్లయ్యారు. పారిస్ విదేశీ మిషన్ సభ బాధ్యత తీసుకున్నా చేతులు చాలలేదు. కరువులు, దండయాత్రలు తరిమితే రాయలసీమ నుంచి కొన్ని కతోలిక కుటుంబాలు తూర్పుకు, గుంటూరు వైపుకు కదిలాయి. ఫిరంగిపురం లాంటి ఊళ్లలో నిలదొక్కుకున్నాయి. ఆ దశాబ్దాల్లో చాలామంది ఒక్క పూజ కూడా చూడకుండానే పెరిగి ఉంటారు. అయినా పరలోక జపం, మంగళవార్త జపం, విశ్వాస సంగ్రహం తరం నుంచి తరానికి నోటిమాటగా అందాయి. పురిట్లో బిడ్డ ప్రాణానికి ముప్పని తెలిస్తే గురువు లేకపోయినా ఎవరైనా జ్ఞానస్నానం ఇవ్వవచ్చని శ్రీసభ నియమం. ఆ సమయానికి దగ్గరుండేది ఆడవాళ్లే.

19వ శతాబ్దం మధ్యలో కొత్త సభలు వచ్చాయి. 1840ల్లో సలేసు పునీత ఫ్రాన్సిస్ సభవాళ్లు విశాఖపట్నం వైపు, 1855లో మిలాను మిషనరీలు హైదరాబాదు వైపు, ఆ తర్వాత ఇంగ్లండు నుంచి మిల్‌హిల్ సభవాళ్లు నెల్లూరు, గుంటూరు వైపు. ఫిరంగిపురంలో బాలయేసు దేవాలయాన్ని కట్టించింది మిల్‌హిల్ గురువు థియోడర్ డిక్‌మన్. ఆ శతాబ్దం చివరి భాగంలో మాల, మాదిగ పల్లెలు ఊళ్లకు ఊళ్లుగా క్రైస్తవంలోకి వచ్చాయి. ఒక్కసారిగా పదుల ఊళ్లు, ఉన్నది ఒక్క గురువు. తెలుగు విచారణకు అసలు ఆకారం ఇక్కడే వచ్చింది: మధ్యలో గురువుండే ఊరు, చుట్టూ ఉపదేశి ఉండే ఊళ్లు.

ఆ ఉపదేశి ఎలాంటివాడు? ఎక్కువగా అదే కులం నుంచి వచ్చి, నాలుగక్షరాలు నేర్చినవాడు. చిన్న జీతం. మట్టి గోడల ప్రార్థనశాల పక్కనే కాపురం. పగలు ఆ శాలే బడి. పొలం నుంచి జనం తిరిగొచ్చాక రాత్రి దీపం పెట్టుకుని జపాలు వల్లె వేయించేవాడు. చదువురాని పెద్దవాళ్లకు ఒక్కో మాటా చెబుతూ తిరిగి చెప్పించేవాడు. ఆదివారం గంట కొట్టి, సువిశేషం చదివి, నాలుగు మాటలు చెప్పి, జపమాల చెప్పించేవాడు. చావుబతుకుల్లో ఉన్నవాళ్ల కోసం గురువుకు కబురు పంపేవాడు, గురువు అందుకోలేకపోతే భూస్థాపన ప్రార్థనలు తానే చెప్పేవాడు. ఊరి మోతుబరితో తగాదా వస్తే అర్జీ రాసేదీ అతనే.

నెలకోసారి శనివారం సాయంత్రానికి గురువు గుర్రం మీదో, ఎద్దుబండి మీదో వచ్చేవారు. రాత్రి పొద్దుపోయేదాకా పాపసంకీర్తనాలు వినేవారు. అర్ధరాత్రి దాటితే సత్ప్రసాదం తీసుకోబోయేవాళ్లు మంచినీళ్లు కూడా ముట్టకూడదు. తెల్లవారి పూజ, జ్ఞానస్నానాలు, ఉంటే పెళ్లి, ఆపైన భార్యాభర్తల గొడవలు, అప్పుల తగవులు. మధ్యాహ్నానికి బండి మరో ఊరికి. పూజ జరుగుతున్నంతసేపూ గురువు బలిపీఠం వైపు తిరిగి లతీనులో ప్రార్థిస్తుంటే, వెనక చాప మీద కూర్చున్నవాళ్లు తెలుగులో జపమాల చెప్పుకునేవారు. ప్రసంగం ఒక్కటే తెలుగులో. అర్థంకాని పూజకు ఎందుకు వచ్చారని ఇవాళ్టివాళ్లు అడగవచ్చు. మనిషిగా పిలిచి పక్కన కూర్చోబెట్టుకునే చోటు అప్పట్లో వాళ్లకు ఎన్ని ఉన్నాయి గనక?

20వ శతాబ్దంలో మార్పులు వేగంగా వచ్చాయి. పదో పయస్ పోపు 1905లో తరచుగా, వీలైతే ప్రతిరోజూ సత్ప్రసాదం తీసుకోమన్నారు. 1910లో ఏడేళ్ల ప్రాయం పిల్లలకూ ఇవ్వమన్నారు. మన విచారణల్లో తెల్లబట్టల పిల్లల ప్రథమ దివ్యసత్ప్రసాద పండుగ ఆ నిర్ణయం తర్వాతే ఇంత చిన్న వయసుకు దిగింది. 1924లో విజయవాడ గుణదలలో ఫాదర్ అర్లాటి అనాథ బాలల ఆశ్రమం దగ్గర మరియమాత స్వరూపాన్ని నిలిపారు. ఫిబ్రవరి 9, 10, 11 తేదీల తిరునాళ్ల అక్కడి నుంచి పెరిగింది. 1940లో గుంటూరు మేత్రాసనం ఏర్పడితే మొదటి పీఠాధిపతి తెలుగువారే, తోమాస్ పోతకమూరి. 1950ల్లో పన్నెండో పయస్ పోపు ఉపవాస నియమం సడలించి సాయంత్రం పూజలకు అనుమతించడం చిన్న మార్పులా కనిపిస్తుంది గానీ, కూలికి పోయేవాళ్లకు అది పెద్ద వరం. పగలంతా పని చేసుకుని పూజకు రావచ్చు.

రెండో వాతికాను మహాసభ 1963 డిసెంబరు 4న ఆరాధన మీద తన శాసనాన్ని ప్రకటించింది. కొన్నేళ్లలోనే గురువు జనం వైపు తిరిగారు, పూజ తెలుగైంది. 1969లో భారతదేశానికి పన్నెండు అంశాలకు రోము అనుమతి ఇచ్చింది: నేల మీద కూర్చుని పూజ చేయడం, మోకరించే బదులు చేతులు జోడించి వంగడం, కొవ్వొత్తుల బదులు నూనె దీపాలు, హారతి, పంచాంగ ప్రణామం వంటివి. బెంగళూరులో ఫాదర్ అమలోర్పవదాస్ నడిపిన జాతీయ కేంద్రం వీటిని ముందుకు తీసుకెళ్లింది. తెలుగు విచారణల్లో హారతి, దీపం బాగానే ఇమిడాయి. కొన్ని అంశాలను మాత్రం, ముఖ్యంగా దళిత విశ్వాసులు, అనుమానంగానే చూశారు. తమను గుడి మెట్లెక్కనివ్వని ఆచారాలనే తమ గుడిలోకి ఎందుకు తెస్తున్నారన్నది వాళ్ల ప్రశ్న. ఆ ప్రశ్నలో న్యాయం ఉంది. దళితుల పాట, డప్పు గుడిలోకి రావడానికి అంత శ్రద్ధగా అనుమతులు అడిగినట్టు కనబడదు.

తెలుగు పాట మాత్రం పూర్తిగా గెలిచింది. హార్మోనియం, తబలా, తర్వాత కీబోర్డు. సికింద్రాబాదులోని కతోలిక ప్రసార కేంద్రం అమృతవాణి నుంచి వచ్చిన పాటలు, పుస్తకాలు ఊరూరా చేరాయి. రాగం తీయగలిగిన అమ్మాయి గాయకబృందానికి నాయకురాలైంది, పదో తరగతి కుర్రాడు మైకు ముందు మొదటి పఠనం చదివాడు. మహాసభ ఇచ్చిన వాటిలో అన్నిటికన్నా పెద్దది ఇదేనంటాను: గుడిలో మామూలు మనిషి గొంతు వినబడడం.

ఇవాళ కృష్ణా, గుంటూరు వైపు ఏ విచారణలోనైనా ఆదివారం చూడండి. మొదటి గంటకు ఇళ్లలో హడావుడి, రెండో గంటకు గుమ్మం బయట చెప్పుల వరసలు. ఒకవైపు మగవాళ్లు, ఒకవైపు కొంగు తలమీద కప్పుకున్న ఆడవాళ్లు, ముందు చాపల మీద పిల్లలు. కానుకల సమయంలో రొట్టె, ద్రాక్షరసంతో పాటు కొబ్బరికాయ, గుమ్మడికాయ, గిద్దెడు బియ్యం. కోతల పండుగనాడైతే ధాన్యం బస్తాలు, కోళ్లు. పూజ కాగానే వాటికి వేలంపాట. అరటిగెల ఒకటి బజారు ధరకు పదింతలు పలుకుతుంది, పాడుకున్నవాడు దాన్ని అక్కడే పిల్లలకు పంచేస్తాడు. చివరి దీవెనకు ముందు ప్రకటనలు: ఫలానావారి అబ్బాయికీ ఫలానావారి అమ్మాయికీ పెళ్లి కుదిరింది, అభ్యంతరం ఉన్నవాళ్లు తెలపాలి. మరియదళం సమావేశం ఎప్పుడు, విన్సెంట్ డి పాల్ సభ ఎవరింటికి సాయం చేయబోతోంది, మరణించిన ఎవరి ఆత్మశాంతి కోసం ఈ పూజ.

ఇదే విచారణలో కులం కూడా ఉంది. ఒకే సత్ప్రసాదం తీసుకునేవాళ్లకు శ్మశానాలు వేరుగా ఉన్న చోట్లున్నాయి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను మొదట హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించినా క్రైస్తవులను చేర్చలేదు. మన దగ్గర దళిత క్రైస్తవులు బీసీ-సీ, ఒక్క శాతం రిజర్వేషను. అందుకే ఎన్నో కుటుంబాల్లో బడి రికార్డులో ఒక మతం, జ్ఞానస్నాన పుస్తకంలో మరొకటి. బయట ప్రభుత్వం, లోపల సాటి విశ్వాసి, రెండు వైపుల నుంచీ దెబ్బ. 2016లో భారత కతోలిక పీఠాధిపతులు దళిత సాధికారత విధానం ప్రకటించి, వివక్ష శ్రీసభ లోపలే ఉందని ఒప్పుకున్నారు. 2000లో దళితుల నుంచి వచ్చిన మారంపూడి జోజి హైదరాబాదు అగ్రపీఠాధిపతి అయ్యారు. అదే పీఠం నుంచి పూల ఆంథోనీ 2022లో కార్డినల్ అయ్యారు. దళితుల నుంచి ఆ స్థానం చేరిన మొదటివారు, తెలుగువారిలోనూ మొదటివారు. అది సంతోషించాల్సిన విషయమే. శ్మశానం గోడ మాత్రం ఊరివాళ్లే తీయాలి.

ఇప్పుడు గురువులకు అంత కరువు లేదు. తెలుగు గురువులు అమెరికాలో, ఐరోపాలో విచారణలు నడుపుతున్నారు. అయినా ఉపకేంద్రాల ఊళ్లు ఇప్పటికీ నెలలో రెండో ఆదివారమో, నాలుగో ఆదివారమో అని లెక్కపెట్టుకుంటూనే ఉన్నాయి. గురువు రాలేని ఆదివారాల్లో ప్రార్థన ఎలా జరపాలో 1988లో రోము మార్గదర్శకాలు ఇచ్చింది. మన ఉపదేశులు అప్పటికి వందేళ్లుగా చేస్తున్న పనే అది. 2021 మే నెలలో ఫ్రాన్సిస్ పోపు ఉపదేశి సేవను శ్రీసభలో అధికారిక పరిచర్యగా నెలకొల్పారు. అదే ఏడాది జనవరిలో పఠన పరిచర్యను, బలిపీఠ పరిచర్యను స్త్రీలకూ అధికారికంగా తెరిచారు. 1983 శ్రీసభ చట్టం ప్రకారం విచారణకు ఆర్థిక మండలి తప్పనిసరి, పాలనా సలహా మండలి మాత్రం పీఠాధిపతి ఇష్టం. 2024 అక్టోబరులో ముగిసిన పీఠాధిపతుల సినడు తన తుది పత్రంలో ఇలాంటి మండళ్లను తప్పనిసరి చేయమని కోరింది. అవి మన ఊళ్లలో ఏర్పడేటప్పుడు మొదటి కుర్చీ ఉపదేశికి, రెండోది జపమాల చెప్పించే అమ్మకు వేయాలి. పొలం ఉన్నవాళ్ల పేర్లు ఆ తర్వాత రాసుకోవచ్చు.