పెద్దప్రేగు కేన్సరు - నివారణ మార్గముల చరిత్ర

మలమును గూర్చి నలుగురిలో మాటాడుట మనకు సిగ్గు. ఆ సిగ్గే ఎందరి ప్రాణములకో ముప్పు తెచ్చినది. పెద్దప్రేగున పుట్టు కేన్సరు చాలకాలము నొప్పియు జ్వరమును లేకయే పెరుగును. రోగికి తెలియవచ్చునప్పటికి తరచుగా ఆలస్యమై యుండును. ఇట్టి వ్యాధిని ముందుగనే అరికట్టవచ్చునని వైద్యు లెట్లు కనుగొనిరి?

లండను నగరమందలి సెయింట్ మార్క్స్ ఆసుపత్రిలో లాక్‌హార్ట్ మమ్మరీ యను శస్త్రవైద్యుడును, కత్‌బర్ట్ డ్యూక్స్ అను శాస్త్రజ్ఞుడును ప్రేగు లోపలి పొరపై మొలచు చిన్న బుడిపెలను శ్రద్ధతో పరిశీలించిరి. 'పాలిప్' అనబడు ఆ బుడిపెలలో కొన్ని కాలక్రమమున కేన్సరుగా మారునని 1928లో వారు వివరించిరి. వ్యాధి ప్రేగు గోడను దాటక మునుపే శస్త్రచికిత్స జరిగినచో రోగి బ్రతుకు అవకాశము హెచ్చని 1932లో డ్యూక్స్ నిరూపించెను.

అయితే ఏ బాధయు లేనివానిలో వ్యాధిని పట్టుట యెట్లు? అమెరికా వైద్యుడు గ్రీగర్ 1967లో ఒక సులభోపాయమును ప్రకటించెను. ఇంటివద్దనే మలమును కొంచెము ప్రత్యేకమైన కాగితముపై పూసి పంపినచో, కంటికి కానరాని రక్తము సైతము బయటపడును. 1969లో న్యూయార్కు వైద్యులు వుల్ఫ్, షిన్యా పొట్ట కోయకయే, కొలనోస్కోపు అను వంగెడి గొట్టము ద్వారా పాలిపులను తొలగించిరి. మిన్నెసోటా రాష్ట్రమున 46,551 మందిపై జరిగిన పరిశోధన ఫలితములు 1993లో వెలువడెను. ఏటేట మలపరీక్ష చేయించుకొన్న వర్గములో ఈ వ్యాధివలని మరణములు 33 శాతము తగ్గినవి.

ఆహారము మాట యేమి? ఉగాండాలో పనిచేసిన డాక్టరు బర్కిట్, పీచుగల ముతక ధాన్యములు తిను ఆఫ్రికా గ్రామీణులలో ఈ వ్యాధి అరుదని 1971లో వ్రాసెను. కాని పీచుపదార్థము హెచ్చించినను పాలిపులు మరల పుట్టుట తగ్గలేదని 2000లో అమెరికా పరిశోధనలు తెలిపినవి. ఆ పరిశీలనలు కొలదియేండ్లవి మాత్రమే. పెక్కేండ్లు సాగిన ఇతర పరిశీలనలు పీచునకు అనుకూలముగనే యున్నవి. ఉప్పువేసి, పొగబెట్టి నిలువచేసిన మాంసము కేన్సరు కారకమని అంతర్జాతీయ కేన్సరు పరిశోధన సంస్థ 2015లో ప్రకటించినది.

కావున దంపుడు బియ్యము, జొన్నలు, పప్పులు, ఆకుకూరలు మేలే. కాని అవి పరీక్షకు బదులు కావు. 2021లో అమెరికా నిపుణులు పరీక్షలు 45వ యేటనే ఆరంభింపవలెనని సూచించిరి. కుటుంబములో ఈ వ్యాధి యున్నవారు ఇంకను ముందుగనే వైద్యుని సంప్రతింపవలెను. మలములో రక్తము కనిపించినచో మొలలని తలచి ఊరకుండరాదు. ఒకనాటి సంకోచమును విడిచినచో పెక్కేండ్ల ఆయుష్షు దక్కవచ్చును.