జనరలా, కాంపోజిటా?

మా చోడవరంలో సాయంకాలం నాలుగు దాటాక పక్కింటివాళ్ళు గడప దాటి వచ్చారంటే కబుర్లకైనా వచ్చి ఉండాలి, కాఫీపొడికైనా వచ్చి ఉండాలి. మొన్న వేసవిలో వచ్చిన పక్కింటి పిన్నిగారు మాత్రం సలహా కోసం వచ్చారు. విశాఖపట్నంలో చదువుతున్న ఆవిడ మనవరాలు తొమ్మిది పూర్తిచేసి పదిలోకి వచ్చింది. వాళ్ళది సి.బి.ఎస్.ఇ. బడి.

"లెక్కల పరీక్ష బేసిక్ రాస్తావా, స్టాండర్డ్ రాస్తావా అని అడుగుతున్నారట. ఆడపిల్ల, ఎందుకొచ్చిన తలనొప్పి? బేసిక్ చాలదూ?" అన్నారు.

నేను నోరు తెరిచేలోగా, చింతపండు పిక్కలు తీస్తున్న మా అమ్మ తలెత్తకుండానే, "బేసిక్ వద్దు. ఆ గుంట చేత స్టాండర్డే రాయించండి" అంది.

డెబ్భై అయిదేళ్ళ మా అమ్మ ఒకరింటి సంగతుల్లో తలదూర్చే మనిషి కాదు. అడిగినా, "మీ ఇష్టం తల్లీ" అని తప్పుకుంటుంది. అందుకే పిన్నిగారు కాస్త తెల్లబోయారు. అమ్మ చెవికి 'బేసిక్' అన్న మాట 'జనరల్' అని వినిపించిందని నాకు తెలుసు.

మీ ఇంట్లో అరవైల్లో హైస్కూలు చదివిన అమ్మో అత్తగారో ఉంటే, "మీవి జనరల్ లెక్కలా, కాంపోజిట్ లెక్కలా?" అని ఓసారి అడిగి చూడండి. చాలామంది ఆడవాళ్ళు ఠక్కున జనరల్ అనే చెబుతారు. కొందరు చెప్పి, తర్వాత కాసేపు మాట్లాడరు.

అప్పటి ఎస్.ఎస్.ఎల్.సి. అంటే పదకొండేళ్ళ చదువు. ఒకటో ఫారం అంటే మన ఆరో తరగతి. ఆరో ఫారంతో బడి చదువు ముగిసేది. నాలుగో ఫారంలో, అంటే పధ్నాలుగేళ్ళు కూడా నిండకుండానే, లెక్కలు రెండు దారులయ్యేవి. జనరల్ లెక్కల్లో ఎక్కువ పాలు అంకగణితమే. లాభనష్టాలు, వడ్డీలు, గోడకి సున్నం వెయ్యడానికి ఎంతవుతుందో చెప్పడం. కాంపోజిట్ లెక్కల్లో బీజగణితం, రేఖాగణితం గట్టిగా ఉండేవి. పై చదువులో ఎం.పి.సి. గ్రూపు తీసుకోవాలంటే ఈ రెండోది చదివి ఉండాలి. ఇంజనీరింగు మాట సరేసరి.

పైకి చూస్తే ఇందులో అన్యాయమేమీ కనబడదు. ఎవరికి కావలసింది వాళ్ళు తీసుకోవచ్చునని రూలు. కానీ పదమూడేళ్ళ పిల్ల తనకేం కావాలో తనే చెప్పుకునే రోజులా అవి?

1963లో మా అమ్మ నాలుగో ఫారంలోకి వచ్చింది. మా తాతగారికి చెరుకు తోట ఉండేది. బెల్లం దిమ్మలు బండికెత్తి అనకాపల్లి మార్కెట్టుకి తోలేవారు. 1957 ఏప్రిల్లో అణాలు పోయి నయాపైసలు వచ్చాయి. ఆ తర్వాత కొన్నేళ్ళకే మణుగులు, వీశెలు పోయి కిలోలు, క్వింటాళ్ళు వచ్చాయి. ఊళ్ళో పెద్దవాళ్ళంతా తికమకపడుతుంటే, తాతగారు మార్కెట్టు నుంచి తెచ్చిన చీటీ చూసి, తూకం ఎంత, ధర ఎంత, కమీషన్ ఎంత కోశారు, చేతికి రావలసింది ఎంత అని అమ్మ నోటిలెక్కన చెప్పేసేదట. రెండుసార్లు చీటీలో తప్పు పట్టుకుంది కూడాను. తాతగారు పదిమందిలో మురిసిపోయేవారు.

ఆ తాతగారే బడికెళ్ళి, "మా అమ్మాయికి జనరల్ రాయండి" అని చెప్పి వచ్చారు. ఆడపిల్లకి పాలవాడి లెక్క, చాకలి పద్దు వస్తే చాలదా అని ఆయన ఉద్దేశం. కాంపోజిట్ క్లాసులో నలభైమంది మగపిల్లలు, ఒక్క ఆడపిల్లా లేదు. చెప్పే మేష్టారేమో సాయంత్రం ప్రైవేటు క్లాసు కూడా పెడతారు. చీకటిపడ్డాక ఎవరు తీసుకొస్తారు? ఇవీ కారణాలు. తాతగారు చెడ్డవారేం కాదు. నన్ను భుజాలమీద మోసిన మనిషి. కాని ఏమాటకామాటే చెప్పుకోవాలి కదా!

మూడేళ్ళ తర్వాత, 1966లో, అమ్మ మంచి మార్కులతో ఎస్.ఎస్.ఎల్.సి. అయింది. అప్పట్లో ఆ సర్టిఫికెట్టు చిన్న పుస్తకంలా ఉండేది. అది పట్టుకుని పి.యు.సి.లో చేరడానికి వెళ్తే, కాలేజీ గుమాస్తా పేజీలు తిప్పి, "ఎం.పి.సి. కుదరదమ్మా. నీది జనరల్ కదా" అని పుస్తకం వెనక్కి ఇచ్చాడు. అంతే. ఆ గుమాస్తా మీద అమ్మకి ఎప్పుడూ కోపం లేదు. అతను ఉన్నమాటే అన్నాడు. తలుపు మూసింది ఆరోజు కాదు, మూడేళ్ళ కిందట, తను బడి అరుగుమీద తొక్కుడుబిళ్ళ ఆడుకుంటున్నప్పుడు.

దేశంలో ఈ విషయం ఎవరూ ఆలోచించలేదా అంటే, బోలెడంతమంది ఆలోచించారు. 1952లో సెకండరీ విద్య మీద వేసిన కమిషన్‌కి అధ్యక్షులు లక్ష్మణస్వామి మొదలియారుగారు. కర్నూల్లో పుట్టిన కవలల్లో ఒకరు. పిల్లలందరినీ ఒకే గాటకట్టకుండా రకరకాల చదువులు పెట్టండి, అని ఏడు గ్రూపులు చెప్పారు వాళ్ళు. ఏడోది గృహవిజ్ఞానం. అది ఎవరి కోసమో మీకు వేరే చెప్పాలా?

ఇంకోవైపు మన దుర్గాబాయమ్మగారు. చిన్నప్పుడు బడి మానేసి స్వాతంత్ర్యోద్యమంలోకి దూకిన మనిషి. జైలు నుంచి వచ్చాక పెద్దదయ్యాక కూర్చుని బెనారస్ మెట్రిక్ పరీక్షకి చదువుకున్నారు. అక్కడితో ఆగక 1930ల్లో వాల్తేరు వచ్చి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సీటు అడిగారు. ఆడపిల్లలకి హాస్టలు లేదు కనక కుదరదన్నారు. పేపర్లో ప్రకటన వేయించి, చదువుకోవాలనుకునే మరి కొందరు ఆడపిల్లల్ని పోగుచేసుకుని, తనే హాస్టలు పెట్టుకున్నారు. మా ఊరికి అంత దగ్గర్లో జరిగింది ఇది! 1958లో స్త్రీ విద్య మీద జాతీయ సంఘానికి ఆవిడే అధ్యక్షురాలు. బడి మధ్యలో మానేసిన ఆడవాళ్ళని తక్కువ కాలంలో మెట్రిక్ దాకా తీసుకెళ్ళే కుదించిన కోర్సులు కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ద్వారా మొదలైందీ ఆ ఏడే. ఒకసారి తప్పిపోయిన మెట్టు మళ్ళీ ఎక్కవచ్చునని ఆవిడకి తన బతుకే చెప్పింది.

తర్వాత 1960ల మొదట్లో హంసా మెహతా గారి కమిటీ వచ్చింది. 1948 నాటి విశ్వ మానవహక్కుల ప్రకటనలో 'పురుషులందరూ' అని ఉన్నచోట పట్టుబట్టి 'మానవులందరూ' అని మార్పించిన హంసా మెహతాయే ఈవిడ. మగపిల్లలకో చదువు, ఆడపిల్లలకో చదువు అని విడదీయవద్దంది ఆ కమిటీ. 1964-66 నాటి కొఠారీ కమిషన్ దాన్ని బలపరుస్తూ, మొదటి పదేళ్ళూ గణితం, సైన్సు పిల్లలందరికీ తప్పనిసరి చెయ్యమంది. దారులు వేరయ్యేది పదేళ్ళ తర్వాతేనట.

తారీఖులు చూడండి. కొఠారీ నివేదిక వచ్చిన ఏడాది 1966. అమ్మ చేతికి సర్టిఫికెట్టు పుస్తకం వచ్చిన ఏడాదీ అదే.

మన రాష్ట్రంలో పి.యు.సి. పోయి రెండేళ్ళ ఇంటర్మీడియట్ 1969లో వచ్చింది. ఇంటర్ బోర్డు 1971లో ఏర్పడింది. పదకొండో తరగతి మాయమైంది. ఆ సంధికాలంలో ఇంకో గడప కూడా ఉండేది. బళ్ళో అంతా తెలుగులో చదివి, కాలేజీకి వెళ్ళగానే ఇంగ్లీషు పాఠాల మధ్య మూగవాళ్ళయిన పిల్లలెందరో! 1968లో పుట్టిన తెలుగు అకాడమీ ఇంటర్ పుస్తకాలు తెలుగులో వేసి ఆ గడప కొంత తగ్గించింది. ఆ పుస్తకాలే నేనూ చదివాను. అయితే నేను ఆర్ట్సు. పదో తరగతి దాకా అందరితోపాటు బీజగణితం చేసి, చచ్చిచెడి పాసై, నాకు నేనుగా లెక్కలకి దణ్ణం పెట్టాను. నవ్వకండి. వద్దనుకోవడానికి కూడా ముందు చేతిలో ఉండాలి కదా. అమ్మకి ఆ పాటి అదృష్టం లేదు.

ఇక బేసిక్, స్టాండర్డ్ సంగతి. ఇవి 2020 పరీక్షల నుంచి వచ్చాయి. పుస్తకం ఒకటే, పాఠాలు ఒకటే. ప్రశ్నపత్రం మాత్రమే తేలిక. బేసిక్ పాసైనవాళ్ళు పదకొండులో మామూలు గణితం తీసుకోవాలంటే ముందు స్టాండర్డ్ పరీక్ష కూడా పాసవాలని నియమం పెట్టారు. తర్వాత కొన్నేళ్ళు దాన్ని సడలించారనుకోండి. లెక్కలంటే వణికిపోయే పిల్లకి బేసిక్ మేలే, కాదనను. నాలాంటిదానికి ఉండుంటే ఎగిరి గంతేసేదాన్ని. నా బాధల్లా ఒక్కటే. ఆ కాగితం మీద గుర్తు పెట్టేటప్పుడు, "ఆడపిల్ల కదా" అన్న మాట వాళ్ళింట్లో ఎంతసేపు తిరుగుతుందో!

ఇదంతా పిన్నిగారికి చెబితే, "అయ్యో, ఇంతుందని నాకేం తెలుసు!" అన్నారు. అసలు మనవరాలినే అడగలేదట. అప్పటికప్పుడు ఫోను చేశారు. ఆ పిల్ల అవతల నుంచి, "నేను స్టాండర్డ్ అని ఎప్పుడో ఇచ్చేశాను మామ్మా" అంది.

ముగ్గురం నవ్వుకున్నాం. పిన్నిగారు చివరికి కాఫీపొడి కూడా పట్టుకుని లేచారు. అమ్మ చింతపండు చేతులు కొంగుకి తుడుచుకుంటూ, ఆ పిల్ల ఈసారి వచ్చినప్పుడు పోయినేడాది లెక్కల పుస్తకం పారెయ్యకుండా తెచ్చిపెట్టమంది.

"మీకెందుకండీ?" అన్నారు పిన్నిగారు.

"ఊరికే. పొద్దుపోవద్దూ?" అంది అమ్మ.