పులి బొమ్మకు కిరాయా

చిన్నప్పుడు మా ఉర్దూ ఖాయిదాలో 'షీన్ సే షేర్' అని ఉండేది. సింహమైనా పులైనా మన ఇళ్లలో షేరే కదా! ఆ షేర్ బొమ్మ పెట్టుకుని సామాన్ అమ్ముకునేవాళ్లు దానికి ఎప్పుడైనా కిరాయా ఇచ్చారా? ఈ సవాల్ నాకు చాలా దేర్‌గా తట్టింది.

ఇచ్చిన కంపెనీ ఒకటుంది. 1964లో అమెరికాలో ఎస్సో పెట్రోల్ వాళ్లు, మా పెట్రోల్ పోయించుకుంటే మీ బండి ట్యాంకులో పులి దూరినట్టే అని ఇష్తిహార్ వేశారు. నవ్వే కార్టూన్ పులి అది. జనం ఉత్తుత్తి పులితోకలు కొని ట్యాంకు మూతలకు వేలాడదీసుకున్నారు. అప్పుడు మన ముల్క్‌లో అసలు పులిని షికార్ చేయడం కానూన్ ఒప్పుకున్న పనే. 1970లో గానీ అది బంద్ కాలేదు. 1973లో సర్కార్ ప్రాజెక్ట్ టైగర్ మొదలుపెట్టింది.

ఆ పెట్రోల్ కంపెనీ, అప్పటికి పేరు ఎక్సాన్, 1995లో సేవ్ ద టైగర్ ఫండ్‌కు 5 ఏళ్లలో 50 లక్షల డాలర్లు ఇస్తానంది. బొమ్మ వాడుకున్న 31 ఏళ్లకు! 1989లో వాళ్ల ఓడ అలాస్కా సముద్రంలో చమురు ఒలకబోసింది. ఆ దాగ్ కడుక్కోవడానికే ఈ ఖర్చంతా అని ఎవరైనా అంటే నేను బహస్ చేయను, నియ్యత్ అల్లాకే ఎరుక. కానీ పైసా పైసాయే. రష్యా తూర్పు కొసన అముర్ పులుల మీద జరిగిన పరిశోధనకు అందులోంచి మదద్ అందింది.

మన దగ్గర 2008లో లెక్క తేలింది: 1411 పులులు. ఎయిర్‌సెల్ మొబైల్ కంపెనీ డబ్ల్యూడబ్ల్యూఎఫ్-ఇండియాతో కలిసి ఆ నంబర్‌ని ఊరూరా మోగించింది. అప్పుడు నేను పత్రికలో నైట్ డెస్క్‌లో ఉన్నాను. మా ఇంటి పిల్లలకు కూడా 1411 జబానీ వచ్చేసింది. 2018లో ఎయిర్‌సెల్ దివాలా తీసింది. అదే ఏడాది గణనలో పులులు 2967. షేర్ మిగిలింది, కంపెనీ పోయింది!

ఎయిర్‌సెల్ వల్లే పెరిగాయా? నేను అలా అనుకోను. ఆ కంపెనీ జనం చెవిన వేసింది, అందుకు షుక్రియా. అడవిలో కాపలా మాత్రం ఎక్కువగా సర్కారీ ఖజానా మీదే నడిచింది. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు మునాఫాలో 2 శాతం సమాజం కోసం ఖర్చు పెట్టాలి. ఆ పనుల ఫెహ్రిస్త్‌లో జంతువుల రక్షణ కూడా ఉంది. కాబట్టి ఇకముందు పులి పేరు చెప్పి వచ్చే కంపెనీలు ఇంకా ఉంటాయి.

వాళ్లను నేను మన నల్లమలకు తీసుకెళ్తాను. నిజాం షికార్ చేసిన అడవి, 1983 నుంచి ప్రాజెక్ట్ టైగర్ కింద ఉంది. అక్కడ పులి అడుగులు వెతుకుతూ నడిచే చెంచు వాచర్ని చూపించి అడుగుతాను: ఈయన తన్‌ఖా ఎన్నేళ్లు ఇస్తారు? మీ ఇష్తిహార్ ఆగిపోయాక ఎవరిస్తారు?